బెత్తెడు ఎత్తులో ప్రాసెసర్‌ను చల్లబరచడం

తెలుగిళ్లలో ఎయిర్ కూలర్ అంటే ఎండాకాలంలో కిటికీ దగ్గర పెట్టి బకెట్లతో నీళ్లు పోసే పెట్టె. కంప్యూటర్లు బిగించేవారి మాటలో అదే పేరు ప్రాసెసర్ నెత్తిన కూర్చునే లోహపు రేకుల దిమ్మకు, దానికి అమర్చిన ఫ్యాన్‌కు కలిపి వర్తిస్తుంది. పైకి పేరు తప్ప మరే పోలికా లేనట్లు కనిపించే ఈ రెండూ నిజానికి నీరు ఆవిరి కావడమనే ఒకే సూత్రం మీద నడుస్తాయి. కాకపోతే రెండోదానిలో నీరు కంటికి కనిపించదు. ఆ రెండో రకంలోనూ బాగా పొట్టివి, అంటే చిన్న క్యాబినెట్ల కోసం తయారయ్యే లో ప్రొఫైల్ కూలర్లు, ఎలా పనిచేస్తాయి, ఎక్కడ చతికిలబడతాయి అన్నది ఈ వ్యాసంలోని విషయం.

రేకులు నిలువుగా పైకి లేచే మామూలు టవర్ కూలర్లు 150 నుంచి 165 మి.మీ. ఎత్తు ఉంటాయి. లో ప్రొఫైల్ అనడానికి ఇంత ఎత్తని ఎవరూ గీత గీయలేదు గానీ, వాడుకలో సుమారు 75 మి.మీ. లోపు వాటిని అలా పిలుస్తున్నారు. నాలుగు వేళ్లు పక్కపక్కన ఆనించి కొలిచే పాత కొలతలో అది సరిగ్గా బెత్తెడు. వీటిలో బాగా పొట్టివి అందులో సగమే ఉంటాయి. నోక్టువా వారి ఎన్‌హెచ్-ఎల్9ఐ కూలర్‌లో 23 మి.మీ. హీట్‌సింక్ (రేకుల దిమ్మ), దాని మీద 14 మి.మీ. ఫ్యాన్, వెరసి 37 మి.మీ. థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ90-ఎక్స్47 పేరులోనే దాని ఎత్తు 47 మి.మీ. అని ఉంది. నోక్టువా ఎన్‌హెచ్-ఎల్12ఎస్ 70 మి.మీ., సైత్ వారి ‘బిగ్ షురికెన్ 3’ 69 మి.మీ. ఎత్తుతో బెత్తెడు హద్దు దగ్గర ఉంటాయి.

ఈ కూలర్ల గురించిన సలహాల్లో ఎక్కువ భాగం ఏ మోడల్ మంచిదన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. అది అడగవలసిన ప్రశ్నే, కానీ వరుసలో మూడోది. కూలర్ పొట్టిదయ్యే కొద్దీ చల్లబరిచే బాధ్యతలో కొంత దాని చేతి నుంచి జారి, ఒకవైపు క్యాబినెట్ గోడ మీద, మరోవైపు ప్రాసెసర్‌కు విధించిన వాట్ల హద్దు మీద పడుతుంది. ఈ రెండూ తేల్చుకోకుండా ఎంత ఖరీదైన పొట్టి కూలర్ కొన్నా, దాని సత్తాలో సగం గోడకు కొట్టుకుని వెనక్కి వస్తుంది. ఇది ఉపమానం కాదు. వేడిగాలి నిజంగానే అలా వెనక్కి వస్తుంది.

ముందుగా చోటు సంగతి. 2001లో వీఐఏ సంస్థ ప్రవేశపెట్టిన మినీ ఐటీఎక్స్ మదర్‌బోర్డు 170 మి.మీ. పొడవు, అంతే వెడల్పు. ఇంత చిన్న బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్, ర్యామ్, ఎం.2 స్టోరేజీ, గ్రాఫిక్స్ కార్డు స్లాటు ఒకదానినొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. దీన్ని పెట్టే క్యాబినెట్లలో పెద్దవీ లేకపోలేదు. కూలర్ మాస్టర్ ఎన్ఆర్200 ఘనపరిమాణం 18.25 లీటర్లు, అందులో 155 మి.మీ. కూలర్ పడుతుంది కనుక పొట్టి కూలర్ల చర్చే అక్కర లేదు. సమస్య మొదలయ్యేది 10 లీటర్ల చుట్టుపక్కల, ముఖ్యంగా శాండ్‌విచ్ అమరికలో. ఈ అమరికలో మదర్‌బోర్డు ఒకవైపుకు, గ్రాఫిక్స్ కార్డు దాని వీపు వెనక రెండోవైపుకు తిరిగి ఉంటాయి. రెండింటినీ రైజర్ కేబుల్ కలుపుతుంది. ఈ అమరికకు పేరు తెచ్చిన డాన్ ఏ4-ఎస్ఎఫ్ఎక్స్ 7.2 లీటర్ల పెట్టె. అందులో కూలర్‌కు మిగిలే ఎత్తు 48 మి.మీ.

ఫ్రాక్టల్ టెర్రా ఈ బేరసారాలను దాచిపెట్టకుండా చూపిస్తుంది. 10.4 లీటర్ల ఆ క్యాబినెట్ మధ్యలోని వెన్నుపలకను అటూ ఇటూ జరుపుకోవచ్చు. ఒక చివర కూలర్‌కు 48 మి.మీ., గ్రాఫిక్స్ కార్డుకు 72 మి.మీ. దక్కుతాయి. రెండో చివర కూలర్‌కు 77, కార్డుకు 43. ఏ చోట నిలిపినా మొత్తం 120 మి.మీ. మాత్రమే, అన్నదమ్ముల మధ్య గట్టు జరిపినట్లు, ఒకరికి కలిసిన మిల్లీమీటరు రెండోవారి నుంచి పోయినదే. కనుక కూలర్ ఎత్తును నిర్ణయించేది చాలాసార్లు ప్రాసెసర్ కాదు, పక్కవాటాలో ఉన్న గ్రాఫిక్స్ కార్డు మందం.

ఇక వేడి ప్రయాణం. ఏఎండీ సంస్థ జెన్ 4 తరం ప్రాసెసర్లలో కోర్లు ఉండే సిలికాన్ ముక్క వైశాల్యం సుమారు 70 చదరపు మి.మీ., అంటే చిటికెన వేలి గోరంత. అంత చోటు నుంచి 70, 80 వాట్లు బయటకు రావాలి. దాని మీద కప్పిన లోహపు మూత, ఆపై సందులు పూడ్చి వేడిని దాటించే థర్మల్ పేస్ట్, ఆపై కూలర్ రాగి అడుగు, హీట్‌పైపులు, రేకులు, చివరికి గాలి: ప్రతి మెట్టు దగ్గరా కొంత ఉష్ణోగ్రత సుంకంగా పోతుంది. ఇందులో మొదటి రెండు మూడు మెట్లు టవర్ కూలర్‌కైనా పొట్టి కూలర్‌కైనా ఒకటే. రేకుల దగ్గరికి వచ్చాకే పొట్టితనం దెబ్బ కొడుతుంది. అందుకే ప్రాసెసర్ తక్కువ వాట్లలో ఉన్నప్పుడు రెండు కూలర్ల మధ్య తేడా స్వల్పంగా కనిపించి, వాట్లు పెరిగే కొద్దీ ఎడం పెరిగిపోతుంది.

హీట్‌పైపు దగ్గర కాస్త ఆగాలి. చూడటానికి అది 6 మి.మీ. రాగి కడ్డీలా ఉంటుంది, నిజానికి బోలు గొట్టం. లోపలి గాలిని తీసేసి, గ్రాము, అంతకంటే తక్కువ నీరు పోసి, రెండు చివరలా మూసేస్తారు. లోపలి గోడకు రాగి పొడిని కాల్చి అంటించిన సన్నని పొర ఉంటుంది. దీపంలో వత్తి నూనెను పీల్చినట్లు అది నీటిని పీలుస్తుంది. గాలి లేనందువల్ల లోపలి నీరు 100 డిగ్రీల దాకా ఆగనక్కరలేదు. 50 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం వాతావరణ పీడనంలో ఎనిమిదో వంతు, ఆ పీడనం దగ్గరే అది మరుగుతుంది. ప్రాసెసర్ వైపున నీరు ఆవిరై, రేకుల వైపుకు పరుగెత్తి, అక్కడ చల్లబడి మళ్లీ నీరై, వత్తి వెంట వెనక్కి పాకుతుంది. మట్టికుండ, కిటికీ కూలర్ చేసే పనే ఇది. కుండ ఆవిరిని గాలిలోకి వదిలేస్తుంది కనుక మళ్లీ నీరు పోయాలి, హీట్‌పైపు ఒకే నీటిని ఏళ్ల తరబడి తిప్పుతూ ఉంటుంది. 65 వాట్ల వేడిని మోయడానికి సెకనుకు ఎంత నీరు ఆవిరి కావాలో లెక్క వేస్తే 27 మిల్లీగ్రాములు వస్తుంది. సుమారు అర చుక్క. ఈ ఆలోచనకు 1940లలోనే జనరల్ మోటార్స్ ఇంజనీరు రిచర్డ్ గాగ్లర్ పేటెంటు ఉన్నా, 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దాన్ని విడిగా రూపొందించి ఆ పేరు పెట్టాకే ప్రచారంలోకి వచ్చింది.

పొట్టి కూలర్‌లో ఈ గొట్టాన్ని తక్కువ చోటులో గట్టిగా వంచాలి, కొన్నిచోట్ల అణచి చదును చేయాలి. రెండూ ఆవిరి దారిని ఇరుకు చేస్తాయి. పైగా ఎత్తు లేని చోట గొట్టాలను ఎక్కువగా పెట్టే వీలుండదు. ఎన్‌హెచ్-ఎల్9ఐలో రెండే ఉంటాయి, ఏఎక్స్‌పీ90-ఎక్స్47లో నాలుగు, 47 మి.మీ. ఎత్తులోనే ఆల్పెన్‌ఫోన్ బ్లాక్ రిడ్జ్ ఆరింటిని ఇరికించింది. వేడి మరీ ఎక్కువైతే వత్తి తెచ్చే నీటి కంటే ఆవిరయ్యే నీరు ఎక్కువై గొట్టం ఆ చివర ఎండిపోతుంది. అప్పటి నుంచి అది కేవలం పలచని రాగి గొట్టం, అంతే. కొన్ని పొట్టి కూలర్లు ఒక హద్దు దాకా నెమ్మదిగా వేడెక్కి, ఆ తర్వాత ఐదారు వాట్లకే ఒక్కసారిగా పైకి ఎగబాకడానికి ఇది ఒక కారణం.

కొన్ని మోడళ్లలో రేకులను కూడా రాగితో చేసిన రకాలు అమ్మకంలో ఉన్నాయి. రాగి ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి 400 వాట్ల దగ్గర, అల్యూమినియంది సుమారు 237. అంకెలు చూసి రాగి దాదాపు రెట్టింపు పని చేస్తుందనుకుంటే పొరపాటు. పలచని పొట్టి రేకులో లోహం గుండా వేడి పోవడం పెద్ద అడ్డంకి కాదు. లోహం నుంచి గాలికి మారడమే అడ్డంకి. రాగి రేకులతో దక్కేది కొద్దిపాటి మెరుగు, గణనీయంగా పెరిగే బరువు, చూపులకు అందం. అందానికి డబ్బు పెట్టడం నేరమేమీ కాదు, అది అందానికే అని తెలిసి పెడితే చాలు.

గాలి దగ్గరే అసలు కథంతా ఉంది. ఒక లెక్క చూద్దాం. ప్రాసెసర్ 88 వాట్లు వాడుతోందనుకుందాం. కూలర్ గుండా పోయే గాలి 10 డిగ్రీలు వేడెక్కి బయటకు రావాలంటే సెకనుకు సుమారు 7.5 లీటర్ల గాలి కావాలి. డాన్ ఏ4-ఎస్ఎఫ్ఎక్స్ మొత్తం ఘనపరిమాణం 7.2 లీటర్లని పైన చెప్పుకున్నాం. అంటే ఒక్క ప్రాసెసర్ కోసమే, సెకనుకోసారి పెట్టెలోని గాలంతా మారిపోవాలి; పక్కన గ్రాఫిక్స్ కార్డు అంతకు రెట్టింపు, మూడు రెట్ల వేడిని వదులుతూ ఉంటుంది. ఆ గాలి బయటి నుంచి తాజాగా వస్తోందా, లేక పెట్టెలోనే చక్కర్లు కొడుతోందా అన్నదాని మీదే ఫలితం ఆధారపడుతుంది. కూలర్ పీల్చే గాలి ఎన్ని డిగ్రీలు వేడిగా ఉంటే ప్రాసెసర్ ఉష్ణోగ్రతకు అన్ని డిగ్రీలూ వచ్చి చేరతాయి, అందులో తగ్గింపేమీ ఉండదు.

పొట్టి కూలర్లన్నీ దాదాపుగా గాలిని సైడ్ ప్యానెల్ వైపు నుంచి పీల్చి మదర్‌బోర్డు మీదికి కొడతాయి. బోర్డును తాకిన గాలి నాలుగు వైపులా చెదిరి, దారి దొరక్కపోతే పైకి లేచి, తిరిగి అదే ఫ్యాన్ నోటికి చేరుతుంది. ఇక్కడే ఫ్యాన్‌కూ ప్యానెల్‌కూ మధ్య ఖాళీ ముఖ్యమవుతుంది. 48 మి.మీ. చోటులో 47 మి.మీ. కూలర్ పెడితే మిగిలే ఖాళీ 1 మి.మీ.; ప్యానెల్‌కు చిల్లులుంటే ఫ్యాన్ నేరుగా బయటి గాలినే పీలుస్తుంది. అదే చోటులో 37 మి.మీ. కూలర్ పెడితే 11 మి.మీ. ఖాళీ మిగిలి, ఆ సందు గుండా పక్కల నుంచి వేడిగాలి దూరుతుంది. చోటు ఎక్కువుంటే గాలి బాగా ఆడుతుందన్న మామూలు తర్కం ఇక్కడ తలకిందులవుతుంది. ఈ ఖాళీని ఫోమ్ వలయంతో పూడ్చేస్తే ఫ్యాన్‌కు, చిల్లుల ప్యానెల్‌కు మధ్య ఒక గొట్టంలాంటి దారి ఏర్పడుతుంది. నోక్టువా తన ఎల్9 వరుస కూలర్ల కోసం ఎన్ఏ-ఎఫ్‌డీ1 పేరుతో ఇలాంటి వలయాలను అమ్ముతోంది. మెత్తని ప్యాకింగ్ ఫోమ్‌ను చక్కగా కోసి పెట్టినా అదే ఫలితం దక్కుతుంది. మొత్తం సంగతిలో అతి తక్కువ ఖర్చుతో వచ్చే మెరుగు ఇదే, అయినా కొనేవారిలో చాలామంది దీని దాకా రారు.

అయితే చిల్లుల రేకుకు ఫ్యాన్ మరీ ఆనుకుని ఉంటే గాలి తెగి, ఈలలాంటి శబ్దం మొదలవుతుంది. ప్యానెల్ గాజుదైతే కథ వేరు: 1 మి.మీ. ఖాళీతో ఫ్యాన్ నోరు నొక్కినట్లే. గాజు పలక వెనక పొట్టి కూలర్ పెట్టి చల్లదనం ఆశించడం, తలుపులు మూసి కిటికీ కూలర్ నడిపి గదంతా ఉక్కపోత చేసుకోవడం లాంటిదే.

తాజా గాలి అందుతోందో లేదో తెలుసుకోవడానికి పరికరాలేమీ అక్కరలేదు. సన్నని కాగితం పట్టీని ప్యానెల్ చిల్లుల ముందు, కూలర్‌కు ఎదురుగా పట్టుకుంటే అది లోపలికి అతుక్కోవాలి. పక్కకు వణుకుతూ ఉంటే లోపలి గాలే తిరుగుతోందని అర్థం. మరింత కచ్చితంగా కావాలంటే ప్రాసెసర్‌ను పూర్తిగా పనిచేయించే సినీబెంచ్ సాఫ్ట్‌వేర్ లాంటి భారాన్ని ఒక పావుగంట నడిపి, ఉష్ణోగ్రత, వాట్లు, క్లాక్ వేగం రాసుకుని, ప్యానెల్ ఊడదీసి మళ్లీ పావుగంట నడపాలి. ప్యానెల్ తీసినప్పుడు తేడా రెండు మూడు డిగ్రీలే ఉంటే క్యాబినెట్‌లో లోపం లేదు. ఏడెనిమిది డిగ్రీలు పడిపోతే తప్పు కూలర్‌ది కాదు, గోడది. ఇలాంటప్పుడు కూలర్ మార్చడం డబ్బు దండగ.

వాట్లనూ క్లాక్‌నూ కూడా రాసుకోమనడానికి కారణం ఉంది. జెన్ 4 డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి 95 డిగ్రీలు హద్దు. పెద్ద ప్రాసెసర్లు భారం పడగానే ఆ హద్దు దాకా వెళ్లి అక్కడే నిలిచేలా తయారయ్యాయి. చల్లదనం మెరుగైతే అవి ఉష్ణోగ్రతను తగ్గించుకోవు, వేగాన్ని పెంచుకుంటాయి. కనుక ఒకే ప్రాసెసర్ మీద రెండు కూలర్లూ 95 డిగ్రీలే చూపించాయి కాబట్టి రెండూ సమానమని తీర్మానించడం సరికాదు. తేడా వాట్ల గడిలో ఉంటుంది.

కొన్ని శాండ్‌విచ్ క్యాబినెట్లలో ఫ్యాన్‌ను తిరగేసి, కూలర్ గుండా లోపలి గాలిని లాగి ప్యానెల్ బయటకు నెట్టే పద్ధతి కూడా ఉంది. గ్రాఫిక్స్ కార్డు బయటి గాలిని వేరే దారిలో పీల్చుకుంటూ, ప్రాసెసర్ వైపుకు అడుగు నుంచో పక్క నుంచో చల్లని గాలి వచ్చే చోట ఇది పనికొస్తుంది. కొన్నిచోట్ల దీనివల్ల గ్రాఫిక్స్ కార్డుకే ఎక్కువ మేలు జరుగుతుంది. కానీ మదర్‌బోర్డు మీదికి గాలి కొట్టడం వల్ల ర్యామ్‌కు, వోల్టేజీ నియంత్రించే భాగాలకు, బోర్డు మీది స్టోరేజీకి ఉచితంగా అందుతున్న చల్లదనం పోతుంది. నిజానికి టవర్ కూలర్ మీద పొట్టి కూలర్‌కు ఉన్న ఒకే ఒక్క సహజమైన ఆధిక్యం అది. దాన్ని వదులుకునే ముందు రెండు విధాలా కొలిచి చూడాలి.

ఫ్యాన్ల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. 92 మి.మీ. ఫ్యాన్ కంటే 120 మి.మీ. ఫ్యాన్ ఊడ్చే వైశాల్యం 70 శాతం ఎక్కువ కనుక, చోటు అనుమతిస్తే పెద్దదే మేలు. 14, 15 మి.మీ. పలచని ఫ్యాన్లకు మామూలు 25 మి.మీ. ఫ్యాన్‌కున్నంత ఒత్తిడి ఉండదు. దట్టమైన రేకుల్లోకి, దుమ్ము వలల గుండా గాలిని నెట్టడానికి అవి వేగం మీద ఆధారపడతాయి. 2000 చుట్ల నుంచి 2500 చుట్లకు పెంచితే గాలి పెరిగేది 25 శాతం, శబ్దం సుమారు 5 డెసిబెల్‌లు, తగ్గే ఉష్ణోగ్రత మాత్రం ఆ నిష్పత్తిలో ఉండదు. చివరి 500 చుట్లు చాలామేరకు చెవికి శిక్షే. ఇంకో చికాకు, వెబ్ పేజీ తెరవగానే ఫ్యాన్ ఒక్కసారి రొదపెట్టి మళ్లీ తగ్గడం. గోరంత సిలికాన్ ముక్క క్షణంలో 15 డిగ్రీలు ఎగబాకి దిగుతుంది, హీట్‌సింక్‌కు ఆ సంగతి తెలిసే లోపే అంతా అయిపోతుంది. మదర్‌బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో ఫ్యాన్ స్పందనను నాలుగైదు సెకన్లు ఆలస్యం చేస్తే ఈ ఉలికిపాట్లు ఆగిపోతాయి, నష్టమేమీ లేదు.

ఇప్పుడు వాట్ల హద్దు. ప్రాసెసర్ పెట్టె మీది టీడీపీ (థర్మల్ డిజైన్ పవర్) అంకెను చూసి కూలర్ ఎంచుకోవడం సర్వసాధారణమైన పొరపాటు. రైజెన్ 5 7600కు రాసి ఉండేది 65 వాట్లు. అది వాడుకోగలిగేది 88 వాట్లు. ఇంటెల్ కోర్ ఐ5-12400కూ 65 అనే ఉంటుంది, వేగం పెంచుకునే టర్బోలో 117 వాట్ల దాకా వెళ్తుంది. ఐ5-13400కు అదే 65 పక్కన టర్బో హద్దు 148. మూడింటి మీదా ఒకే అంకె, మూడు వేర్వేరు కూలర్ల అవసరం. కూలర్ల వైపు కూడా అంతే అయోమయం: ఇన్ని వాట్ల కూలర్ అని పెట్టె మీద వేసే అంకెకు, ఎంత గది ఉష్ణోగ్రతలో, ఎంత పెద్ద సిలికాన్ మీద అన్న వివరం సాధారణంగా ఉండదు. నోక్టువా ఈ పద్ధతినే వదిలేసి, తన కూలర్లను తనకు తాను పోల్చుకునే వేరే కొలమానానికి మారింది.

మన ఊళ్లలో ఈ గది ఉష్ణోగ్రతే అసలు చిక్కు. కూలర్ల పరీక్షలు మామూలుగా 20 నుంచి 25 డిగ్రీల గదుల్లో జరుగుతాయి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో మధ్యాహ్నం 38 డిగ్రీలుండటం విశేషం కాదు. డాబా ఇంట్లోనైతే పగలంతా ఎండ తాగిన శ్లాబు రాత్రి పది దాటాకా వేడిని వదులుతూనే ఉంటుంది. వాటుకు 0.6 డిగ్రీలు పెరిగే పొట్టి కూలర్ ఒకటి ఉందనుకుందాం. 88 వాట్లకు పెరుగుదల 53 డిగ్రీలు. 24 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 77 దగ్గర నిలుస్తుంది, పరీక్షలో అది మంచి మార్కులు తెచ్చుకునే అంకె. 38 డిగ్రీల గదిలో అదే 91. పెట్టె లోపలి గాలి మరో 5 డిగ్రీలు వేడిగా ఉంటే 96. 95 హద్దు దాటే వీల్లేదు కనుక ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. కూలర్ అదే, పేస్ట్ అదే, బిగించిన చెయ్యీ అదే. హద్దును 65 వాట్లకు దించితే పెరుగుదల 39 డిగ్రీలే, అంత ఉక్కలోనూ 82 దగ్గర ఆగుతుంది.

88 నుంచి 65కు దించడం వల్ల పనితీరు కూడా పావు వంతు పడిపోతుందన్న భయం అక్కరలేదు. ప్రాసెసర్ వాడే విద్యుత్తు వేగానికి, వోల్టేజీ వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. వేగాన్ని, వోల్టేజీని చెరో పది శాతం తగ్గిస్తే విద్యుత్తు 27 శాతం తగ్గుతుంది. చివరి కొద్దిపాటి వేగం కోసమే ప్రాసెసర్లు అంత వేడిని మింగుతాయి. ఏఎండీ బోర్డుల బయోస్‌లో ఎకో మోడ్, ఇంటెల్ బోర్డుల్లో పీఎల్1, పీఎల్2 అనే వాట్ల హద్దులు దీనికోసమే ఉన్నాయి. ఆటల కోసం చిన్న పెట్టె కట్టేవారికి ఇంకో వెసులుబాటు ఉంది: రైజెన్ 7 7800ఎక్స్‌3డీ టీడీపీ 120 వాట్లే అయినా ఆటల్లో అది సాధారణంగా అంత దూరం పోదు. అన్ని కోర్లనూ గంటల తరబడి నలిపే వీడియో ఎన్‌కోడింగ్, త్రీడీ రెండరింగ్ రోజువారీ పని అయితే మాత్రం 48 మి.మీ. చోటులో పెద్ద ప్రాసెసర్ పెట్టడం మొండితనమే. అలాంటివారు నీటితో చల్లబరిచే కూలర్ తాలూకు 240 మి.మీ. రేడియేటర్ పట్టే 11 లీటర్ల లియాన్ లీ ఏ4-హెచ్2ఓ లాంటి పెట్టెల వైపో, టవర్ కూలర్ పట్టే పెట్టెల వైపో వెళ్లడం మేలు.

గదిలో కిటికీ కూలర్ నడుస్తుంటే ఆ తేమగాలికి కంప్యూటర్ పాడవుతుందా అన్నది తెలుగు పాఠకులకు సహజంగా వచ్చే సందేహం. గాలి కంటే చల్లగా ఉన్న వస్తువు మీదే నీరు పట్టుతుంది. నడుస్తున్న హీట్‌సింక్ ఎప్పుడూ గాలి కంటే వేడిగానే ఉంటుంది కనుక దాని మీద చెమ్మ చేరదు. గది 38 నుంచి 32కు దిగితే ఆ ఆరు డిగ్రీల లాభం ప్రాసెసర్‌కూ దక్కుతుంది. జాగ్రత్త పడవలసింది నీటి తుంపర నేరుగా తగలకుండా, తేమకు తడిసిన దుమ్ము రేకుల్లో పేరుకోకుండా.

ఎత్తు ఒక్కటే కొలిచి ఊరుకుంటే చాలదు. రేకులు అడుగు కంటే వెడల్పుగా ఉన్న కూలర్లు ర్యామ్ మీదికి, బోర్డు వెనుక అంచున ఉండే హీట్‌సింక్‌ల మీదికి వస్తాయి. మామూలు ర్యామ్ పలక ఎత్తు 31.25 మి.మీ.; దానికి తొడిగే అలంకరణ కవచాలు ఇంకో పది మి.మీ. కలపడం కద్దు. ఎన్‌హెచ్-ఎల్9ఐ అడుగు, తల రెండూ 95 మి.మీ. చదరంలోనే ఇమిడి, ఇంటెల్ సాకెట్ చుట్టూ ఖాళీగా ఉంచమన్న గీతను దాటవు కనుక దేనికీ తగలదు. చల్లదనంలో దాని కంటే మెరుగైనవి ఉన్నా అది ఇంకా నిలిచి ఉండటానికి ఈ ఒద్దికే కారణం. ఇలాంటి కొన్ని కూలర్లను బోర్డు వెనక నుంచి మరలతో బిగించాలి. బోర్డును పెట్టెలో కూర్చోబెట్టాక ఈ సంగతి గుర్తొస్తే అంతా విప్పుకోవలసిందే. నాలుగు మరలనూ ఒక్కోదాన్ని చివరిదాకా తిప్పకుండా, ఎదురెదురు మూలలను కొద్దికొద్దిగా బిగిస్తూ పోతే అడుగు సమంగా ఆనుతుంది.

దుమ్ము చివరికి చెప్పుకున్నా చిన్న సంగతి కాదు. దట్టమైన పొట్టి రేకుల మధ్య సందులు సన్నం, వాటి మీదికి గాలి నేరుగా వస్తుంది. ఫ్యాన్ కింది అంచు వెంట బూడిదరంగు చాప ఒకటి అల్లుకుంటుంది, అది పై నుంచి చూస్తే కనిపించదు కూడా. ప్యానెల్ లోపల సన్నని వల పెడితే దుమ్ము ఆగుతుంది గానీ, అసలే ఒత్తిడి తక్కువున్న పలచని ఫ్యాన్‌కు ఆ వల కూడా భారమే. వల లేకుండా మూడు నెలలకోసారి శుభ్రం చేయడమే చాలా ఇళ్లకు సరిపడే పద్ధతి. ఫ్యాన్‌ను ఊడదీసి, కుదరకపోతే రెక్కను వేలితో కదలకుండా పట్టుకుని, మెత్తని బ్రష్‌తోనో బ్లోయర్‌తోనో రేకుల సందులు ఊదాలి. పట్టుకోకుండా ఊదితే ఫ్యాన్ దాని హద్దుకు మించి తిరిగి బేరింగ్ అరిగిపోవచ్చు. ఎండలు ముదరక ముందే, మార్చి మొదట్లో ఒకసారి ఈ పని చేసి, మొదటిరోజు పావుగంట పరీక్షలో రాసుకున్న అంకెల పక్కన గది ఉష్ణోగ్రతతో సహా కొత్త అంకెలు రాయాలి. గది తేడా తీసేశాక కూడా అంకె నాలుగైదు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంటే థర్మల్ పేస్ట్ మార్చే వేళ అయినట్లు.